ముందు నొక్కింది ఎవరు

మా మందిరంలో ఏటా డిసెంబర్‌లో స్త్రీల సమాజానికి క్విజ్ పోటీ జరుగుతుంది. బైబిల్ వాక్యంలోంచి ప్రశ్నలు, నాలుగు జట్లు. గోదావరిఖని నుంచి రెండు, సెంటినరీ కాలనీ నుంచి ఒకటి, జ్యోతినగర్ నుంచి ఒకటి. ప్రశ్న చదవగానే ముందు ఎవరు చెయ్యి లేపితే వాళ్లు జవాబు చెప్పాలి. నేను బళ్లో సోషల్ టీచర్ని. గొంతు హాలు చివరిదాకా వినిపిస్తుందని ప్రశ్నలు చదివే పని నాకే ఇచ్చేవారు. ఎవరు ముందు లేపారో చెప్పే పని కూడా నాదే.

ఆ ఏడాది గోదావరిఖని జట్లలో మా వాడకట్టుది, సెంటినరీ కాలనీ జట్టు చివరిదాకా సమానంగా వచ్చాయి. సెంటినరీ కాలనీ జట్టుకు పెద్ద మా వదిన, అంటే మా ఆయన అక్క. నేను పెళ్లయి వచ్చాక బీఈడీ చదవగలిగానంటే, పదినెలల మా బిడ్డను ఆమె తన దగ్గర పెట్టుకుని సాకింది కాబట్టి. ఆ సంగతి ఒక్కసారి కూడా నోటితో అనలేదు. అది ఆమె తీరు.

చివరి ప్రశ్న చదివి తల ఎత్తేసరికి రెండు చేతులు పైకి లేచి ఉన్నాయి. ఏది ముందు లేచిందో నేను చూడలేదు. ఆ క్షణంలో నా కళ్లు కాగితం మీద ఉన్నాయి. చూడలేదని ఒప్పుకుని ఇంకో ప్రశ్న అడిగితే అయిపోయేది. కానీ హాలంతా నా మొహమే చూస్తోంది. "గోదావరిఖని" అన్నాను, కళ్లారా చూసినదానిలాగా.

వదిన లేచి నిలబడింది. "నువ్వు చూడలే."

"చూసిన వదినా."

"చూడలే. నీ వాడకట్టోళ్లని గెలిపించుకున్నవ్, గంతే."

ఆమె సంచి భుజాన వేసుకుని, జట్టులోని మిగతా ముగ్గురి కోసం కూడా ఆగకుండా బయటికి నడిచింది. ఆ తర్వాత మా ఇంటికి రావడం మానేసింది. మా ఆయన వెళ్తే మాట్లాడేది, అన్నం పెట్టేది. నా ఊసు ఎత్తేది కాదు. మందిరంలో ఎదురైతే "వందనాలు" అని చేతులు జోడించేది, పరాయిదానికి పెట్టినట్టు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి.

ఆగస్టులో సంఘం పెద్దలు కూర్చున్నప్పుడు పాస్టరయ్య, "ఈసారి క్విజ్ వద్దు, పాటల పోటీ పెడదాం. మనస్పర్థలు రాకుండ ఉంటయి" అన్నారు. అందరూ తలలూపారు. నేను లేచాను.

"క్విజ్ ఉండనియ్యండి. బటన్ల మిషన్ పెడదాం. ముందు ఎవలు నొక్కితే వాళ్ల బల్బే వెలుగుతది. తర్వాత ఎవలు నొక్కినా వెలగది."

"ఎక్కడ తెస్తవమ్మా?"

"తెచ్చుడు కాదు. నేనే చేస్త."

వెనక వరుసలో ఎవరో నవ్వారు. నవ్వడంలో తప్పేం లేదు. పదో తరగతిలో సైన్సులో గట్టెక్కడమే గొప్ప అయినదాన్ని నేను. ఇంట్లో ఫ్యూజు పోతే మా ఆయన డ్యూటీ దిగి వచ్చేదాకా విసనకర్రతో కూర్చునేదాన్ని. కానీ మాట అనేశాను. అన్నాక, ఆ మాటను మళ్లీ మింగకూడదని అక్కడే నిలబడి నిర్ణయించుకున్నాను.

మొదట సులువైన దారి వెతికాను. జ్యోతినగర్‌లో ఒక బడికి అలాంటి మిషన్ ఉందని తెలిసి వెళ్లాను. అది బల్లకు బిగించి ఉంది, బయటికి ఇవ్వడం కుదరదన్నారు. అందులో న్యాయం కూడా ఉంది. తిరిగి వచ్చి మా బడి కంప్యూటర్ టీచర్‌ని కలిశాను. నాకంటే పదేళ్లు చిన్నది, కొత్తవంటే ప్రాణం.

"అక్కా, గిది చాన అల్కగ అయితది" అంది. "చిన్న బోర్డు దొరుకుతది హైదరాబాద్‌ల. దాని నడుమ ఒక చిప్పు ఉంటది. మనం కంప్యూటర్ మీద ప్రోగ్రాం రాసి దాంట్లకు ఎక్కిస్తే అయిపాయె. నాలుగు జట్లు కాదు, పది జట్లు పెట్టినా ఫికర్ లేదు."

హైదరాబాద్‌లో ఉన్న వాళ్ల తమ్ముడికి ఫోన్ చేసి బోర్డు పంపమంది. అది వచ్చేలోగానే ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని చూశాను. స్క్రీన్ మీద ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, చుక్కలు. ఒక వరుస మీద వేలు పెట్టి, "ఇగో అక్కా, ముందు ఎవలు నొక్కిండ్రో చూసేది గీ లైనే" అంది. నేను తల ఊపాను. ఏమీ అర్థం కాలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే దారంతా ఒకటే ఆలోచన. వదిన ఆ డబ్బా ముందు కూర్చుని, "దీనికి ఎట్ల తెలుస్తది?" అని అడుగుతుంది. అడగక మానదు. నేనేం చెప్పాలి? లోపల రాసి ఉంది అనాలి. ఎవరు రాశారంటే, నా స్నేహితురాలు రాసిందనాలి. ఆ ప్రోగ్రాంలో తప్పేమీ లేదు, ఆ పిల్ల తెలివితేటల మీద నాకు అనుమానం లేదు. కానీ నాకే తెలియనిదాన్ని చూపించి ఇంకొకరిని నమ్మమని ఎలా అంటాను? ఒకసారి అలా చేసే ఇంత దూరం వచ్చాను.

ఇంతలో సకల జనుల సమ్మె మొదలైంది. ప్రత్యేక రాష్ట్రం కోసం బొగ్గు బాయిలు ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి, మా బడికి తాళం పడింది. మా ఆయన బాయిలో బొగ్గు తొట్లను లాగే హాలేజీ యంత్రం నడిపేవాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన పట్టపగలు అన్నేసి రోజులు ఇంట్లో ఉండటం నేను చూడలేదు. పొద్దున చౌరస్తాలో వంటావార్పుకు వెళ్లి, రోడ్డు మీదే నలుగురితో కలిసి తిని, మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. హైదరాబాద్ నుంచి రావాల్సిన బోర్డు హైదరాబాద్‌లోనే ఉండిపోయింది.

"సమ్మె అయిపోయినంక తెప్పిద్దం అక్కా" అంది కంప్యూటర్ టీచర్.

సమ్మె ఎప్పుడైపోతుందో ఎవరికీ తెలియదు, అయిపోవాలని తొందరపడేవాళ్లు కూడా మాలో ఎవరూ లేరు. కానీ డిసెంబర్ ఆగదు. గోదావరిఖనిలో ఏం దొరికితే దానితోనే చేయాలని తేల్చుకున్నాను. దొరికేది ఏదైనా సరే, అది నాకు అర్థమయ్యేది అయి ఉండాలి.

మార్కెట్ వెనక సందులో ఒక మైక్‌సెట్ దుకాణం ఉంది. పెళ్లిళ్లకు, వినాయక మండపాలకు, క్రిస్మస్‌కు మా మందిరానికి కూడా దీపాల అలంకరణ చేసేది ఆయనే. ఒకదాని తర్వాత ఒకటి పరుగెత్తే రన్నింగ్ లైట్ల డబ్బాలు ఆయన సొంతంగా తయారు చేస్తాడని విన్నాను. మా ఆయనను వెంటబెట్టుకుని వెళ్లి, నాకు కావలసింది చెప్పాను.

"చెయ్యి లేపితే సరిపోదా టీచరమ్మా?" అన్నాడు.

"సరిపోలేదన్నా. అందుకే వచ్చిన."

ఆయన బల్ల కింద నుంచి ఒక రన్నింగ్ లైట్ల డబ్బా తీసి, మూత విప్పి నా ముందు పెట్టాడు. లోపల బొద్దింక రంగులో చిన్న చిన్న ముక్కలు వరుసగా నిలబడి ఉన్నాయి, ఒక్కోదానికి మూడేసి కాళ్లు.

"వీటిని ఎస్‌సీఆర్ అంటరు. తలుపు గొళ్లెం అనుకో. నడిమి కాలు, ఈ పక్క కాలు కరెంట్ పోయే తొవ్వ. ఆ కొస కాలు గొళ్లెం తీసే వేలు. ఒక్కసారి తాకినవంటే తలుపు తెరుసుకుంటది. వేలు తీసేసినా తెరిసే ఉంటది. మల్ల మూయాలంటే మొత్తం కరెంట్ ఆపాలె."

"మరి ఒకటి తెరుచుకుంటే మిగతావి ఎట్ల ఆగుతయ్?"

"మీ వాడకట్టుల నల్లా చూసినవా? నాలుగు ఇండ్లకు ఒకటే సన్న పైపు. ముందుగాల ఎవలన్న నల్లా ఇప్పిండ్రనుకో, మిగిలినోళ్లు ఎంత తిప్పినా ధార రాదు. గట్లనే నాలుగు బటన్లకు ఒకటే సన్న తొవ్వ పెడదాం. ముందు నొక్కినోడు ఆ జోరంత గుంజుకుంటడు. ఇంకోని వేలుకు గొళ్లెం తీసేంత బలం ఉండది."

నాకు అర్థమైంది. అర్థమైందని నాకే ఆశ్చర్యం వేసింది. నల్లా సంగతి నాకు తెలుసు, వదినకూ తెలుసు, మందిరంలో ప్రతి ఆడమనిషికీ తెలుసు.

ఇంకో దారి కూడా చూపించాడు. రిలేలు. అగ్గిపెట్టెంత డబ్బాలు, కరెంట్ ఇస్తే టక్కుమని వాటంతట అవే కలుసుకునే స్విచ్చులు. అవి చూసి మా ఆయన ఎంతో సంబరపడ్డాడు. హాలేజీ దగ్గర పెద్ద సైజులో ఉండేవి ఇలాంటివేనట. "ఇవే పెట్టు. చప్పుడైతది, పనిచేస్తున్నదని తెలుస్తది" అన్నాడు. కానీ మాకు సరిపోయేవి దుకాణంలో రెండే ఉన్నాయి. ఎస్‌సీఆర్‌లు డబ్బా నిండా ఉన్నాయి. నేను చేతకానిదాన్ని, కొన్ని కాల్చేస్తానని ముందే తెలుసు. కాలిపోతే ఇంకోటి పెట్టుకోగలిగే వస్తువుతోనే నేర్చుకోవాలి. ఎస్‌సీఆర్‌లే తీసుకున్నాను.

"నాలుగు ఒక్కసారి పెట్టకు" అని చెప్పి పంపాడు మైక్‌సెట్ అన్న. "ఒక్కటి పెట్టి చూడు."

కరెంట్ కోతలు ఎక్కువగా ఉన్న రోజులు. క్విజ్ నడిచేటప్పుడు మందిరంలో కరెంట్ ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకని మా ఆయన బండి బ్యాటరీ విప్పి తెచ్చాడు. అట్టముక్క మీద ఒక ఎస్‌సీఆర్, ఒక చిన్న బల్బు, ఒక కాలింగ్‌బెల్ బటన్ పెట్టి తీగలు మెలివేసి కలిపాను. బటన్ నొక్కాను. బల్బు వెలిగింది. వేలు తీశాను. వెలుగుతూనే ఉంది.

మా ఆయన బల్బును, నన్ను మార్చి మార్చి చూశాడు. "నువ్వే జేసినవా?" అన్నాడు, అంతసేపూ పక్కనే కూర్చుని చూసి కూడా.

నాలుగు కలిపేసరికి అట్ట మీద తీగలు చిక్కుబడిపోయాయి. ఒకటి కదిలిస్తే ఇంకోటి ఊడేది. మైక్‌సెట్ అన్న డబ్బాల్లో ఉన్నట్టు రాగి గీతల బోర్డు కావాలి. రాగి రేకు అంటించిన పలక మీద మనకు కావలసిన గీతలు మాత్రం కప్పి, మందులో ముంచితే మిగతా రాగి కరిగిపోతుంది. ఆయన ఆ గీతలు పెయింటుతో చేత్తోనే గీసేస్తాడు. నేను గోళ్ల రంగుతో ప్రయత్నించాను. మూడుసార్లు గీశాను, మూడుసార్లూ పక్కపక్క గీతలు అంటుకుపోయాయి. కంప్యూటర్ మీద గీసి ప్రింటు తీసి అతికించడం ఒక్కటే దారి.

మళ్లీ కంప్యూటర్ టీచర్ ఇంటికి వెళ్లాను. ఆమె బోర్డును కాదన్నానని కొంచెం చిన్నబుచ్చుకుంది. అయినా బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ ఉన్న సీడీ ఒకటి తీసి ఇచ్చింది. పెద్ద పెద్ద కంపెనీల్లో వాడేదట. దానితో మూడు మధ్యాహ్నాలు కుస్తీ పట్టాను. అందులో వేల కొద్దీ వస్తువుల జాబితా ఉంది, మైక్‌సెట్ అన్న ఇచ్చిన ఎస్‌సీఆర్ మాత్రం నాకు దొరకలేదు. లేని వస్తువును మనమే గీసి చేర్చుకోవచ్చట. దానికి ముందు ఇంకేదో నింపాలి, అది నింపాలంటే మరోటి తెరవాలి. మూడో రోజు కరెంట్ పోయింది. అప్పటిదాకా గీసిందంతా పోయింది. నేను లేచి చెప్పులు వేసుకున్నాను.

"రేపు వస్తవా అక్కా?" అంది ఆమె, రాననుకుని.

"వస్త. కాని దీనికోసం కాదు. నాకు గింత పెద్దది వద్దు. గీతలు గీసుడు, చుక్కలు పెట్టుడు వస్తే చాలు. అసొంటిది ఏమన్న ఉన్నదా?"

మర్నాటికి ఆమె పాత సీడీల కుప్పలో వెతికి ఒకటి పట్టింది. ఎవరో ఉచితంగా పంచిన చిన్న ప్రోగ్రాం. తెరిస్తే గళ్ల కాగితంలాంటి తెర. ఒక పక్కన చుక్క, ఇంకో పక్కన గీత, అంతే. వస్తువుల పేర్లు లేవు. అది ఎస్‌సీఆర్ అని దానికి తెలియనవసరం లేదు, మూడు చుక్కలు పక్కపక్కన పెడితే చాలు. పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది, ఇంటర్నెట్ అడగదు. అందులో ఒక లోటు ఉంది. నేను తప్పు గీస్తే తప్పని చెప్పదు. ఆ లోటును తెలిసే ఒప్పుకున్నాను. తప్పు చూసుకునే పని నాదే అనుకున్నాను. నాలుగు మధ్యాహ్నాల్లో నా బోర్డు తయారైంది.

మా వీధి చివర జిరాక్స్ సెంటర్‌లో, పాత వారపత్రిక నున్నటి కాగితం మీద ప్రింటు తీయించాను. ఆ కాగితాన్ని రాగి పలక మీద బోర్లా పెట్టి ఇస్త్రీ చేస్తే నల్లటి గీతలు పలకకు అంటుకుంటాయి. పలకను మందులో ముంచినప్పుడు ఆ గోధుమరంగు నీళ్లు స్నానాల గదిలో గచ్చు మీద ఒలికాయి. ఎంత రుద్దినా మరక పోలేదు.

"కంపెనీ క్వార్టర్ ఇది. ఖాళీ చేసేటప్పుడు ఏం జవాబు చెప్తవ్?" అన్నాడు మా ఆయన.

"ఎలక్ట్రానిక్స్ అని చెప్త" అన్నాను.

ఆయనే చేతి డ్రిల్లుతో సన్నటి రంధ్రాలు వేశాడు. బొగ్గు బాయిలో ఇరవై ఏళ్లు చేసిన చేతులు, ఒక్క రంధ్రం కూడా పక్కకు పోలేదు. నేను ఒక్కో ముక్క పెట్టి సోల్డరింగ్ చేశాను. బ్యాటరీ తగిలించి మొదటి బటన్ నొక్కాను. ఏమీ లేదు. రెండోది. ఏమీ లేదు. నాలుగూ చూశాను. ఒక్క బల్బు కూడా వెలగలేదు.

రెండు రోజులు దాని ముందు కూర్చున్నాను. ప్రతి అతుకూ మళ్లీ అతికాను. కొత్త ఎస్‌సీఆర్‌లు పెట్టాను. మా ఆయన, "మైక్‌సెట్ ఆయన దగ్గరికి పట్టుకపో, జల్ది చేసిస్తడు" అన్నాడు. ఇస్తాడని నాకూ తెలుసు. కానీ తప్పు ఎక్కడుందో నాకు కనబడకుండా బాగుపడితే నాకేం ఉపయోగం? పట్టుకుపోలేదు.

మూడో రోజు మధ్యాహ్నం కంప్యూటర్‌లో గీసిన బొమ్మను గళ్ల పుస్తకంలోకి ఎక్కించుకున్న కాగితం తీసి, ముక్కలు పెట్టిన వైపు నుంచి బోర్డును వెలుతురుకు పట్టి గీత గీతా పోల్చుకున్నాను. నా బొమ్మలో కుడివైపు ఉండాల్సిన గీత బోర్డు మీద ఎడమవైపు ఉంది. ప్రతిదీ అంతే. బోర్డు మొత్తం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.

అప్పుడు అర్థమైంది. కాగితం బోర్లా పెట్టి ఇస్త్రీ చేస్తే బొమ్మ తిరగబడుతుంది కదా అని నేను తెలివిగా ముందే తిప్పి ప్రింటు తీయించాను. ఆ ప్రోగ్రాం గీతలను పలక పైనుంచి, రాగి కింద ఉన్నట్టుగా చూపిస్తుంది. తిప్పకుండా ఇస్త్రీ చేస్తేనే సరిగ్గా పడేవి. నా అతి తెలివి వల్ల ఒకసారి ఎక్కువ తిరిగింది.

ఇంకో పలక లేదు. మందు కూడా అయిపోయింది. నేను ఆ ఎస్‌సీఆర్‌ను వేళ్ల మధ్య పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. మూడు కాళ్లు. నడిమిది నడిమే. అద్దంలో ఈ కొసది ఆ కొసకు పోయింది. మరి ముక్కనే వెనక్కి తిప్పి పెడితే?

నాలుగు ఎస్‌సీఆర్‌లనూ ఊడబీకి, మొహాలు అటువైపు తిప్పి మళ్లీ అతికాను. మొదటి బటన్ నొక్కితే ఎర్ర బల్బు వెలిగింది. అది వెలుగుతుండగా మిగతా మూడూ నొక్కాను. అవి వెలగలేదు. మా ఆయన పరుగున వచ్చాడు, అంత గట్టిగా అరిచానన్నమాట. ఎనిమిది కాళ్లో, ఇరవై కాళ్లో ఉన్న చిప్పు పెట్టి ఉంటే వెనక్కి తిప్పినంత మాత్రాన కుదిరేది కాదని తర్వాత కంప్యూటర్ టీచర్ చెప్పింది. నా పలక వృథా అయ్యేదట.

లోపలి తీగలన్నీ బయటికి కనబడాలని, స్వీట్లు వచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో బిగించాను. సమ్మె ముగిసింది. బస్సులు తిరగడం మొదలయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం డబ్బా సంచిలో పెట్టుకుని సెంటినరీ కాలనీకి వెళ్లాను. ఒక్కదాన్నే.

వదిన తలుపు తీసింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది. నేను డబ్బా బల్ల మీద పెట్టి, పొడుగు తీగల బటన్లు నలువైపులా పరిచి, ఎట్లా పనిచేస్తుందో చెప్పాను. నల్లా సంగతి చెప్పినప్పుడు ఆమె మొదటిసారి డబ్బా దగ్గరికి వంగింది.

"గదిల మబ్బు ఉన్నది, కనబడ్తలేదు" అని లేచి ట్యూబ్‌లైట్ స్విచ్ వేసింది.

ట్యూబ్‌లైట్ రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. దానితోపాటు డబ్బాలో ఆకుపచ్చ బల్బు కూడా వెలిగింది. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు.

వదిన డబ్బాను చూసింది, నన్ను చూసింది. "నొక్కకుంటనే వెలిగింది. నీ మిషన్ గుడ నీ లెక్కనే ఉన్నది."

ఆ మాటకు నాకు జవాబు ఒకటే ఉంది. "అవును వదినా. పోయినేడు నేను చూడలే."

"ఏంది?"

"ఎవలు ముందు లేపిండ్రో నేను చూడలే. కాగితం చూస్తున్న. చూసిన అని అబద్ధం చెప్పిన."

ఆమె కుర్చీలో కూర్చుంది. "గప్పుడే ఎందుకు చెప్పలే?"

"సిగ్గయింది. అందరు చూస్తున్నరు."

"తెల్లారి చెప్పకపోయినవ్? తెల్లారి ఎవలు చూస్తున్నరే? గన్ని నెలలు నేనే తప్పేమో అనుకున్న. నా చెయ్యే వెనక లేసిందేమో, ఉత్తగ ఒర్రిన్నేమో అని. చూసిన అన్నవ్ గద, గంత ఖచ్చితంగ. నీ మాట ఇని నా మీదనే నాకు నమ్మకం పోయింది."

నేను ఆమె కోపాన్ని ఊహించుకుని వెళ్లాను. ఇది ఊహించలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె విదిలించుకోలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆమె ఏడవలేదు. కాసేపటికి లేచి వెళ్లి రెండు కప్పుల్లో చాయ తెచ్చింది. నా ముందు కప్పు పెడుతూ, "మల్ల దీన్నేం జేస్తవ్?" అంది గడ్డంతో డబ్బా వైపు చూపిస్తూ.

"బాగుజేస్త."

"బాగుజేసి పట్టుకరా. లైటు నేనే వేస్త."

మైక్‌సెట్ అన్న వినగానే నవ్వాడు. ఇంట్లో నా తీగలు జానెడు, అక్కడ అవి గది పొడవు. పొడుగు తీగ ట్యూబ్‌లైట్ కొట్టుకున్నప్పుడు వచ్చే అదురును పట్టుకుని గొళ్లెం తీసేస్తోంది. గొళ్లెం కాలి నుంచి బ్యాటరీ మైనస్ వైపుకు ఒక చిన్న రెసిస్టర్ పెడితే ఆ కొద్దిపాటి అదురు అటే పోతుందన్నాడు. నాలుగూ పెట్టాను. తర్వాత ఆదివారం వదిన ట్యూబ్‌లైట్ పదిసార్లు వేసి ఆర్పింది. మిక్సీ తిప్పింది. పక్కింటామెను పిలిచి ఇద్దరూ ఒకేసారి నొక్కడానికి ప్రయత్నించారు. ఎన్నిసార్లు నొక్కినా ఒక్కటే బల్బు వెలిగింది. "ఇగ తీసుకపో" అంది.

క్విజ్ నాడు మందిరం నిండిపోయింది. సగంలో కరెంట్ పోయినా బండి బ్యాటరీ మీద డబ్బా నడిచింది. ప్రశ్నలు నేనే చదివాను, తల కాగితం మీద పెట్టుకుని హాయిగా. మొదటి వరుసలో కూర్చున్న పాస్టరయ్య ఏ రంగు బల్బు వెలిగిందో చెప్పారు. ఒక ప్రశ్నకు నేను నాలుగు మాటలు చదివేసరికే వదిన బటన్ నొక్కేసింది. ఆకుపచ్చ వెలిగింది. చెప్పమంటే, "ప్రశ్న పూర్తిగ ఇనలే" అంది. హాలంతా నవ్వింది, ఆమె కూడా నవ్వింది. జ్యోతినగర్ వాళ్లు గెలిచారు. సెంటినరీ కాలనీ మూడో స్థానంలో వచ్చింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

పోటీ అయిపోయాక ఆడవాళ్లంతా డబ్బా చుట్టూ చేరారు. నేను ఇంకా నోరు విప్పకముందే వదిన వాళ్లకు నల్లా సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క తప్పు లేకుండా చెప్పింది.

తెలంగాణ వచ్చిన ఏడాది గోలేటి నుంచి ముగ్గురు ఆడవాళ్లు మా ఇంటికి వచ్చారు. వాళ్ల మందిరంలో కూడా క్విజ్ పెట్టుకుంటారట, మా డబ్బా రెండు రోజులు అడిగారు. ఇస్తానన్నాను. ఇచ్చేముందు, "మీరే ఒకటి చేసుకోరాదా?" అన్నాను.

"మాకేం వస్తదక్కా?" అంది వాళ్లలో పెద్దామె.

"నాకు గుడ రాకుండె. ఎన్ని జట్లు మీయి?"

"ఆరు."

"తీగ ఎంత దూరం పోవాలె? మీ దగ్గర కరెంట్ మాటిమాటికి పోతదా?"

పెద్దామె సంచి పక్కన పెట్టి, పీట దగ్గరికి లాక్కుని, వాళ్ల హాలు పొడవు ఎంతో లెక్కగట్టడం మొదలుపెట్టింది. నేను గళ్ల పుస్తకం, పెన్సిల్ తెచ్చి ఆమె చేతికిచ్చాను.